పది నిమిషాల చుట్టరికం

ఆ పార్కులో పనిచేసేవాళ్ళందరూ ఆవిణ్ణి అత్తగారనే పిలిచేవారు. నిజానికి ఆవిడకి ఉన్నది ఒక్కతే కూతురు, ఆ పిల్లకి ఇంకా పెళ్ళి కాలేదు. అయినా అత్తగారి హోదా తొమ్మిదేళ్ళ కిందటే వచ్చేసింది. ఆవిడ రోజూ ఊడ్చి కడిగే కొట్టంలోని జిరాఫీని అక్కడివాళ్ళు అల్లుడు అంటారు. బయట బోర్డు మీద వాడికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, ఆ పేరుతో వాణ్ణి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒళ్ళు వంచి ఒక్క పని చెయ్యడు. వేళ తప్పకుండా అన్నీ నోటి దగ్గరికి రావాలి. వచ్చినవాళ్ళంతా తనని చూడటానికే పుట్టారన్నట్టు మెడ నిక్కించి నిలబడతాడు. అల్లుడు కాక మరేమిటని మొదట ఎవరన్నారో తెలియదు, పేరు అతుక్కుపోయింది. దాని వెనకాలే ఆవిడకి ఈ పేరు. పిల్లనివ్వకుండానే చాకిరీ మొదలెట్టిన అత్తగారిని నేనొక్కదాన్నే అని ఆవిడ కూడా నవ్వేది.

కొట్టం ముందు పెద్ద ఆవరణ, ఆవరణ అంచున చెక్కలతో కట్టిన ఎత్తైన మంచె. మామూలు టికెట్టుతో వచ్చినవాళ్ళు కంచె అవతల నిలబడి చూసి పోవాలి. ఇంకో టికెట్టు కొంటే మంచె ఎక్కనిస్తారు. దాని పేరు ముఖాముఖి. చేతులు కడిగించి, ఒక పసుపు కోటు తొడిగి, మూడు ఆకుల కొమ్మలు చేతికిస్తారు. మైకు పట్టుకున్న పిల్ల గంట కొడుతుంది. పది నిమిషాలపాటు అల్లుడు మీ ముఖంలో ముఖం పెట్టి మేస్తాడు. మళ్ళీ గంట కొట్టగానే వెనక్కి తిరిగి చక్కా పోతాడు. మీరూ కోటు విప్పి చక్కా పోవాలి.

వెనక భాగం అత్తగారిది. అక్కడ నీళ్ళ గొట్టం, పార, పొడుగు కర్ర చీపురు, ఫినాయిలు డబ్బాలు, ఒక చిన్న చెక్క తలుపు. తలుపుకి అరచెయ్యంత సందు. ముఖాముఖి జరుగుతున్నంతసేపూ ఆవిడ ఆ తలుపు చాటున నిలబడాలి, బయటికి రాకూడదు. అల్లుడి ఎదుట పడకుండా తలుపు చాటున ఉండే అత్తగారి పేరుకి అది కూడా సరిగ్గా సరిపోయిందని పార్కులో ఒక నవ్వులాట.

పనిలో చేరిన రోజున, అప్పట్లో జంతువులకి అలవాట్లు నేర్పే పెద్దాయన ఆవిడకి ఒకే ఒక్క మాట చెప్పాడు. ఆకుపచ్చ బట్టలవాళ్ళ చేతి నుంచి వీడు ఒక్క ఆకు కూడా తినకూడదు. పార్కులో పనివాళ్ళందరి బట్టలూ పచ్చవే. ఇంట్లోవాళ్ళు తినిపిస్తుంటే వీడు మంచె దగ్గరికి ఎందుకొస్తాడమ్మా, అంత డబ్బు పోసినవాళ్ళు వీడి తోక చూసి పోవాలా అన్నాడాయన. ఎండుగడ్డి కూడా వాడు బయట ఉన్నప్పుడే కొట్టంలో వేలాడగట్టి, వాడు తిరిగొచ్చేలోగా తప్పుకోవాలి. ఆకు అంటే పసుపు కోటు, పచ్చ బట్ట అంటే చీపురు, ఇంతే వాడి బుర్రలో ఉండాలి. ఆ పెద్దాయన ఆరేళ్ళ కిందట వేరే చోటికి వెళ్ళిపోయాడు. ఆయన మాట మాత్రం గోడకి దిగిన మేకులా ఉండిపోయింది. ఎందుకు చెప్పాడో గుర్తున్నది ఇప్పుడు ఆవిడకొక్కదానికే.

పొద్దున్న ఊడ్చేటప్పుడు మాత్రం అల్లుడు లోపలే ఉంటాడు. నడుమెత్తు ఇనప కమ్మీ ఇవతల నుంచి ఆవిడ పొడుగు చీపురు లోపలికి తోసి, మేక పెంటికల్లాంటి వాడి పెంటికలన్నీ ఒక మూలకి లాగుతుంది. చీపురు దగ్గరికి రాగానే వాడు ఒక్క అడుగు పక్కకి వేస్తాడు. చూపు ఎటో కిటికీ మీద ఉంటుంది. ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. ఏం నాన్నా, రాత్రి చలేసిందా. బస్సులో నిలబడే వచ్చాను నాన్నా, మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఇవాళ మీ మామగారు పోయిన రోజు నాన్నా, ఏడో ఏడు. తొమ్మిదేళ్ళలో ఆవిడ వాడికి చెప్పుకోని సంగతి లేదు. వాడు వినని సంగతీ లేదు. కానీ ఒక్కసారైనా తల తిప్పి చూసినవాడు కాదు. ఆ ఒక్క అడుగు పక్కకి వెయ్యడం, అంతే. చీపురంటే గిట్టదు కాబోలు అనుకునేది.

మంచె దిగేవాళ్ళ మాటలు తలుపు సందులోంచి వినపడేవి. డబ్బులు దండగ, చేతి నిండా చొంగ తప్ప ఏం లేదని కొందరు. జన్మలో మర్చిపోలేమని కొందరు. ఫోటో సరిగ్గా రాలేదని ఎక్కువమంది. ఒకసారి ఒక ముసలావిడ ఒక్కతే వచ్చింది. పది నిమిషాలూ నోరు మెదపలేదు. దిగాక మైకు పిల్లని అడిగింది, వాడికి నేను గుర్తుంటానా అని. మైకు పిల్ల అలవాటుగా, తప్పకుండా ఉంటారండీ అంది. తలుపు చాటున అత్తగారు మూతి తిప్పుకుంది. తొమ్మిదేళ్ళ మనిషికే దిక్కు లేదు, పది నిమిషాల ఆవిడ గుర్తుంటుందట. ఆ రోజంతా ఆవిడకి ఆ ముసలమ్మ మీద కోపం. కోపం కాదు, కుళ్ళు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడు తన చేతిలో ఆకు అందుకుంటే చాలు, తర్వాత ఏమైపోయినా ఫర్వాలేదని అనుకునేది. బయటికి అంటే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ఇంట్లో కూతురు ఉండేది. హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. ఆ హోటల్ గోడ మీద పిల్ల ఫోటో పెట్టారు, నవ్వు బాగుంటుందని అతిథులు రాసి వెళ్తారట. మూడో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంటికి వచ్చేసరికి, గుమ్మంలో చెప్పులతోపాటు ఆ నవ్వు కూడా విప్పేసేది. చెవుల్లో తీగలు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునేది. పిల్ల చెడ్డదేం కాదు. అద్దెలో సగం ఇస్తుంది, అమ్మ మోకాళ్ళ మాత్రలు అయిపోకముందే తెస్తుంది. మాటలే ఉండవు. రోజంతా మాట్లాడే ఉద్యోగమమ్మా, ఇంటికొచ్చాక నోరు నొప్పెడుతుంది అంటుంది. సాయంత్రం అత్తగారు ఇల్లు ఊడుస్తూ ఆ కుర్చీ దగ్గరికి రాగానే, ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా రెండు కాళ్ళూ పైకెత్తి పెట్టుకుంటుంది. చీపురు దాటాక దించుతుంది.

ఎప్పుడైనా హుషారుగా ఉంటే, ముఖాముఖి గురించి జనం రాసినవి ఫోనులో చదివి వినిపించేది. "ఇది విను. 'ఆ కళ్ళలోకి చూస్తే నా ప్రాణానికి ప్రాణం దొరికినట్టయింది.' వాడికి కావాల్సింది ఈయన చేతిలో ఉన్న కొమ్మ, ఈయన ప్రాణం కాదు. చెట్టుకి కోటు తొడిగినా వస్తాడు. ఏమ్మా, అంతేగా?" అత్తగారు అంతే అనేది. అంతేనని ఆవిడకీ తెలుసు.

వానలు మొదలైన నెలలో పార్కులో రోలర్ కోస్టర్ ఒక మలుపులో ఆగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, పన్నెండు మంది అరగంటసేపు తలకిందులుగా వేలాడారు. తనిఖీలు పూర్తయ్యేదాకా గేట్లు మూసెయ్యమని హుకుం వచ్చింది. పసుపు కోట్లన్నీ ఉతికించి బీరువాలో పెట్టి తాళం వేశారు. మైకు పిల్లని ఆఫీసులో కాగితాల పనికి వేశారు. పార్కులో మిగిలినవి జంతువులు, పచ్చ బట్టలు, వాన.

మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం మూడింటికి అల్లుడు తనంతట తనే మంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గంట లేదు, కోటు లేదు. అరగంట చూసి తిరిగొచ్చాడు. నాలుగో రోజు వెళ్ళలేదు. వారం తిరిగేసరికి గడ్డి కొరకడం కూడా తగ్గించేశాడు. ఆకుల కొమ్మలు మంచెకి కట్టారు, కొట్టంలో వేలాడదీశారు. ముట్టుకోలేదు. సూపర్‌వైజర్ స్వయంగా మంచె ఎక్కి పచ్చ చొక్కాలో అటూ ఇటూ కొమ్మ ఊపాడు. అల్లుడు ఆవరణ ఆ చివర నుంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. అల్లుడుగారు అలిగారు, ఏం పెట్టుపోతలు తక్కువయ్యాయో అత్తగారే కనుక్కోవాలి అని మొదట్లో జోకులేశారు. డొక్కలు లోపలికి పోయి, మెడ కింద తోలు వేలాడటం మొదలయ్యాక జోకులు ఆగిపోయాయి.

జంతువుల డాక్టరమ్మ చేరి మూడు నెలలే అయింది. రక్తం తీసి చూసింది, పెంటికలు చూసింది, దవడ చూసింది. రోగం లేదు. దిగులు అనుకోవాలి అంది. పైవాళ్ళు ఒక నిర్ణయం చేశారు. సోమవారం లారీ వస్తుంది, నాలుగు రోజుల ప్రయాణం, ఇంకా ఇద్దరు ముగ్గురు జిరాఫీలున్న పెద్ద పార్కుకి పంపేస్తారు. డాక్టరమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. ఇంత నీరసంగా ఉన్నవాడు నాలుగు రోజులు నిలబడి ప్రయాణం చేస్తే దిగేటప్పుడు ప్రాణంతో దిగుతాడని నేను సంతకం పెట్టలేను అంది. శనివారం సాయంత్రానికి తినడం మొదలుపెడితే లారీ ఆపుతామన్నారు. అది బుధవారం.

మర్నాడు పొద్దున కూతురు ఇంటి తాళంచెవి మర్చిపోయి డ్యూటీకి వెళ్ళింది. కొట్టంలో ఉండిపోవాల్సి వస్తే పిల్ల గుమ్మంలో పడిగాపులు పడుతుందని, అత్తగారు పార్కుకి వెళ్తూ దారిలో హోటల్ దగ్గర దిగింది. జోరు వాన. తలకి టోపీ ఉన్న పాత వానకోటు వేసుకుని, ముందు తలుపులోంచే లోపలికి వెళ్ళింది. బల్ల వెనక కూతురు తెర మీద ఏదో టైపు చేస్తోంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది.

అత్తగారు అలాంటి నవ్వు ఆ ముఖాన చూసి పదేళ్ళయి ఉంటుంది. కళ్ళు, బుగ్గలు, నుదురు, అన్నీ కలిసి నవ్వాయి.

"నమస్కారమండీ. ప్రయాణం బాగా జరిగిందా?"

ఆవిడ నిజంగానే జవాబు చెప్పబోయింది. బస్సు ఖాళీగానే ఉందమ్మా, మోకాళ్ళే బాలేవు అని నోటిదాకా వచ్చింది. ఈలోగా టోపీ వెనక్కి జారింది. కూతురి ముఖంలో దీపం తీసేసినట్టయింది.

"నువ్వా. ఏంటమ్మా, ఇలా వచ్చావ్?" అని తాళంచెవి అందుకుంది. గొంతు తగ్గించి, "వెనక గేటు ఉంది కదా. మనవాళ్ళు అటు రావాలి. మేనేజర్ చూస్తే అంటాడు," అంది. కోపంగా అనలేదు. పక్కనున్న కాగితపు రుమాలు తీసి, "తుడుచుకో, తడిసిపోయావ్," అని కూడా అంది. అప్పటికే ఇంకెవరో పెట్టె లాక్కుంటూ లోపలికొస్తున్నారు. నవ్వు మళ్ళీ వెలిగింది, ఆవిణ్ణి దాటి వెనక్కి.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రెండు స్టాపులు దాటేదాకా ఆవిడ ఆ నవ్వునే తలుచుకుంటూ కూర్చుంది. రెండు క్షణాలుంటుందేమో. ముందు తలుపులోంచి వెళ్ళడం మంచిదైంది, వెనక గేటు నుంచి వెళ్తే అది కూడా దొరికేది కాదు అనుకుంది. అనుకున్నాక, చేతిలో తడి రుమాలు అలాగే పట్టుకుని నిటారుగా కూర్చుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వానలో వెనక్కి నడిచి, బట్టలు కూడా మార్చుకోకుండా సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది.

ఆవిడ చెప్పిందంతా ఆయన పెన్ను ఆడిస్తూ విన్నాడు. పెద్దాయన పెట్టిన నియమం, పచ్చ బట్ట, పసుపు కోటు, గంట. మనందరం పచ్చవాళ్ళమే సార్, మన దగ్గర వాడికి ఆకు ఉండదని మనమే నేర్పాం, బయటి మనిషిలా ముందు నుంచి వెళ్ళాలి అంది. డాక్టరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. అయితే ఎవర్ని ఎక్కిద్దాం అని అడిగింది.

"నేను ఎక్కుతానమ్మా," అంది అత్తగారు.

"మీరైతే రోజూ కొట్టంలో ఉండేవారు కదా. వాసన పట్టెయ్యడా? ఆఫీసులో ఎవరైనా అయితే నయమేమో."

డాక్టరమ్మ అన్నది నిజమే. వాసన ఒక్కటే కాదు, వాడికి తన గొంతు కూడా తెలుసు. తొమ్మిదేళ్ళుగా వాడి చెవిలో నానిన గొంతు. ఆ సంగతి డాక్టరమ్మకి తెలియదు, ఆవిడ చెప్పలేదు. మనసులో ఒక చిన్న దొంగ కూర్చుని, నోరు విప్పకు అన్నాడు. సబ్బు మార్చి స్నానం చేసి వస్తాను, ఒక్క మాట మాట్లాడను, ఒక్కసారి చూడండి అంది. సూపర్‌వైజర్ నవ్వాడు. మంచె మీదికి టికెట్టున్న అతిథి తప్ప ఎవరూ ఎక్కకూడదు అత్తగారూ, బీమా వాళ్ళు ఒప్పుకోరు, అంతగా ఎక్కాలనుంటే టికెట్టు కొనుక్కుని ఎక్కండి అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆవిడ సరేనంది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ కూతురి సబ్బుతో తలస్నానం చేసి, పెట్టె అడుగున ఉన్న నీలం చీర కట్టుకుంది. సెలవు రోజు కాబట్టి కూతురు ఇంట్లోనే ఉంది. చెవుల్లో తీగలు తీసి చూసింది.

"ఎక్కడికే?" అంది. ఎప్పుడైనా ముద్దొస్తే తల్లిని అలా పిలుస్తుంది.

"అల్లుడింటికి. కాస్త ఆ సెంటు పుయ్యవే, నా మీద ఫినాయిలు వాసన పోవాలి."

"నాకు తెలీకుండా నా పెళ్ళి చేసేశావన్నమాట," అని కూతురు లేచి వచ్చింది. అత్తగారు టికెట్టు సంగతి చెప్పింది. పిల్ల చేతిలో సీసా ఆగిపోయింది. "ముఖాముఖికా? రెండ్రోజుల జీతం పోసి? తొమ్మిదేళ్ళ నుంచి రోజూ చూస్తున్నదాన్ని మళ్ళీ చూడ్డానికా?"

"వెనక నుంచి చూశానే."

కూతురు సీసా మూత తీసింది. ఒక్కో చెవి వెనకా ఒక్కో చుక్క పెట్టి, వేలితో రుద్దింది. వేలు చల్లగా ఉంది. ఆ పిల్ల తనని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆవిడ లెక్కపెట్టుకోలేదు, లెక్కపెట్టుకుంటే బస్సు వెళ్ళిపోతుంది.

ముందు గేటు దగ్గర మైకు పిల్ల టికెట్టు చించి సగం ఇచ్చింది. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. డాక్టరమ్మ, సూపర్‌వైజర్ అల్లుడికి కనపడకుండా కొట్టం వెనక తలుపు సందు దగ్గర నిలబడ్డారు. ఆ సందు దగ్గర వేరేవాళ్ళుండటం ఆవిడకి వింతగా అనిపించింది. చేతులు కడుక్కుంది. పసుపు కోటు తొడుక్కుంది. అతిథుల కోసం వేసిన మెట్లు, ఒక్కోటీ ఎక్కింది. తొమ్మిదేళ్ళలో ఆ మెట్లు కింద నుంచి కడగడమే గానీ ఎక్కింది లేదు.

గంట మోగింది. మైకు పిల్ల ఖాళీ పార్కులోకి మొత్తం పాఠం చదివింది. ప్రియమైన అతిథికి స్వాగతం, మీ కోసం ఒక స్నేహితుడు ఎదురుచూస్తున్నాడు, భయపడకండి, కొమ్మ గట్టిగా పట్టుకోండి. ఈ మాటలు ఆవిడకి నిద్రలో కూడా వచ్చు. తన కోసం చదువుతుంటే మాత్రం ఒక్కో మాటా కొత్తగా వింది.

ఆవరణ ఆ చివర చెట్టు పక్కన అల్లుడు తలెత్తాడు. చెవులు నిక్కబొడిచాడు. కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత కదిలాడు. మొదట మెల్లగా, ఆ తర్వాత వాడి పొడుగు కాళ్ళు ఒకదాని వెంట ఒకటి తూలుతున్నట్టు, నేరుగా మంచె వైపుకి. ముఖం పెద్దదవుతూ పెద్దదవుతూ వచ్చి, ఆవిడ ముఖానికి జానెడు దూరంలో ఆగింది.

ఇంతకాలం ఆవిడకి తెలిసినవి వాడి కాళ్ళు, తోక, కడుపు కింది మచ్చలు. కళ్ళు ఇంత నల్లగా ఉంటాయని, రెప్పల వెంట్రుకల మీద వాన చుక్కలు నిలుస్తాయని తెలియదు. ఎడమ కన్ను కింద చిన్న గీత ఉంది, ఎప్పటిదో దెబ్బ. నేనుండగా ఎప్పుడు తగిలింది నీకిది అని అడగబోయి నోరు మూసుకుంది. నల్లటి నాలుక బయటికొచ్చి, కొమ్మ చుట్టూ తిరిగి, ఆకులన్నీ ఒక్క లాగున దూసుకుపోయింది. కొమ్మతోపాటు ఆవిడ చెయ్యీ ముందుకి పోయింది. నమిలాడు. మళ్ళీ వంగాడు. తలుపు సందులో డాక్టరమ్మ బొటనవేలు పైకెత్తడం కనిపించింది.

మొదటి కొమ్మ అయిపోయింది. రెండోదీ అయిపోయింది. ఇవ్వాల్సినవి మూడే అయినా, మైకు పిల్ల కింద నుంచి ఇంకా ఇంకా అందిస్తూనే ఉంది. వాడు ఆబగా తింటున్నాడు, మధ్యలో ఒకసారి వెచ్చటి ఊపిరి ఆవిడ నుదుటి మీద వదిలాడు. ఎంత హాయిగా ఉందో అంత కష్టంగా ఉంది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ చెప్పకూడదు. పదిరోజులు కడుపు మాడ్చుకున్నావు కదా అనకూడదు. ఇది నేనే నాన్నా అని కూడా అనకూడదు. వాడు చూస్తున్నది కోటునని ఆవిడకి తెలుసు. ఆ కోటులో ఆవిడ తప్ప ఎవరున్నా ఇలాగే చూస్తాడు. ఆ ముసలావిణ్ణి కూడా ఇలాగే చూసి ఉంటాడు. హోటల్ బల్ల వెనక నవ్వు గుర్తొచ్చింది.

ఎనిమిది నిమిషాలు దాటి ఉంటుంది. ఒక కొమ్మ చివర కోటు చేతి గుండీకి తగులుకుంది. వాడు లాగాడు, రాలేదు, ఇంకా గట్టిగా లాగాడు. పుల్ల విరిగి వాడి పెదవికి గుచ్చుకుంటుందని ఆవిడకి భయమేసింది.

"ఉండు నాన్నా, ఉండు," అంది.

మాట బయటికి వచ్చేశాక తెలిసింది. వాడి దవడ ఆగిపోయింది. చెవులు రెండూ ఆవిడ వైపు తిరిగాయి. కొమ్మ వదిలేశాడు. మెడ కొంచెం వెనక్కి తీసి, పసుపు కోటునీ దాని పైనున్న ముఖాన్నీ చూశాడు. అయిపోయింది, చేతులారా పాడుచేశాను, వీడు మళ్ళీ ఈ మంచె దగ్గరికి రాడు అనుకుంది ఆవిడ. తలుపు సందులో బొటనవేలు లేదు.

అల్లుడు ఒక్క అడుగు పక్కకి వేశాడు.

పారిపోలేదు. వెనక్కి తిరగలేదు. రోజూ పొద్దున వేసే అడుగే, అంతే దూరం. వేసి, తల దించి, తను జరిగిన చోటి నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ మంచె చెక్కల పక్కన తడి మట్టి తప్ప ఏం లేదు. వాడు ఆగి ఉన్నాడు. ఊడుస్తుందని ఆగి ఉన్నాడు. ఊడవడానికి చోటిచ్చి ఆగి ఉన్నాడు.

ఆవిడ చేతిలో కొమ్మ అలాగే ఉంది. చాచింది. వాడు అందుకోలేదు. ఆ గొంతు దగ్గర ఆకు ఉండదని వాడికి తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, గంట మోగేదాకా. గంట మోగాక వాడు చెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆరోజు సాయంత్రం కొట్టంలో గడ్డి సగానికి పైగా తిన్నాడు.

లారీ రావొద్దని సూపర్‌వైజర్ అక్కడే ఫోను చేశాడు. రేపటి నుంచి ఆఫీసువాళ్ళు వంతులవారీగా మామూలు బట్టల మీద పసుపు కోట్లు వేసుకుని ఎక్కాలని, ఎవరికీ టికెట్టు అక్కర్లేదని, బీమా వాళ్ళతో తను మాట్లాడుకుంటానని చెప్పాడు. డాక్టరమ్మ అత్తగారి పక్కకి వచ్చి మెల్లగా, "మీరు మాత్రం ఇంక ఎక్కొద్దండీ. ఏమనుకోకండి. మీ గొంతు గుర్తుపట్టాడు, రెండూ కలగలిపేసుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది," అంది. ఏమనుకుంటానమ్మా అంది ఆవిడ.

మైకు పిల్ల చేతిలో పలకలాంటి తెర పట్టుకుని వచ్చింది. ప్రతి అతిథినీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, జవాబు నొక్కితే గానీ టికెట్టు మూసుకోదట. పెట్టిన డబ్బుకి తగిన అనుభవం కలిగిందా. అవును, కాదు.

"మూడోది లేదూ?" అంది అత్తగారు.

"లేదత్తా. తొందరగా నొక్కు, నాకూ ఇంటికెళ్ళాలి."

ఆవిడ అవును మీద నొక్కింది. వేలికి వాడి చొంగ ఉంది, తెర పలకలేదు. కోటుకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. కోటు విప్పి ఇచ్చేసి, నీలం చీర మీద పచ్చ చొక్కా తొడుక్కుని కొట్టం వైపు వెళ్ళింది. సాయంత్రం ఊడ్చే వేళయింది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కూతురు కుర్చీలో ఉంది, చెవుల్లో తీగలున్నాయి. ఒక తీగ తీసి, గిట్టుబాటైందా అని అడిగింది. తిన్నాడు, లారీ ఆగిపోయింది అని ఆవిడ చెప్పింది. హమ్మయ్య అంది పిల్ల. నిజంగానే అంది. ఇంకేదైనా అడుగుతుందేమోనని ఆవిడ ఒక క్షణం నిలబడింది. తీగ మళ్ళీ చెవిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు చీర మార్చుకుని, మూలనున్న చీపురు తీసుకుంది. వంటగది ఊడ్చింది, మంచం కింద ఊడ్చింది, కుర్చీ దగ్గరికి వచ్చింది. ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా కూతురు రెండు కాళ్ళూ పైకెత్తింది.

కుర్చీ కింద దుమ్ము అట్టే లేదు. ఆవిడ చీపురుతో ఒకసారి ఊడ్చింది, మళ్ళీ ఊడ్చింది, మూడోసారి కూడా ఊడ్చింది. పిల్ల కాళ్ళు దించకుండా, అలాగే పట్టుకుని కూర్చుంది.